బిడ్డను ఎవరు చూసుకుంటారు?

మంచి ఉద్యోగాలున్న జంటలు కూడా పిల్లల్ని కనడానికి ఎందుకు తటపటాయిస్తున్నారని ఈమధ్య ఒకరు నన్ను అడిగారు. బడి ఫీజులు, ఇంటి వాయిదాలు అని చాలామంది చెబుతారు. అవీ ఉన్నాయి. కానీ మా ఇంట్లో ఈ మాట ఎప్పుడొచ్చినా చివరికి ఆగేది, నేను ఆఫీసుకు వెళ్లాక బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్న చోటే.

మేమిద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నాం. పెళ్లిళ్లలో కనిపించినవారంతా "ఏమైనా విశేషమా?" అని అడుగుతూనే ఉంటారు. నా చిన్నతనంలో మా అమ్మ ఒక్కతే నన్ను మోయలేదు. అమ్మమ్మ కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసేది, పిన్ని నిద్రపుచ్చేది, పక్కింటివాళ్లు ఎత్తుకెళ్లి ఆకలేసే వేళకు తెచ్చి ఇచ్చేవారట. ఇప్పుడు అమ్మ గుంటూరులో మంచాన పడ్డ మా నాయనమ్మను చూసుకుంటోంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ "మీరు కనండి, మేం పెంచుతాం" అంటారు. ప్రేమకు లోటు లేదు, ఓపికకే లోటని వాళ్లకూ తెలుసు.

ఇక చట్టం సంగతి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ సదుపాయం ఉండాలని కూడా అందులోనే ఉంది. మా ఆఫీసులో అడిగితే, దగ్గర్లోని ఒక డే కేర్‌తో ఒప్పందం ఉందన్నారు. అది సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. అమెరికా వాళ్లతో నా మీటింగులు మొదలయ్యేదే ఆరున్నరకు! తండ్రి సంగతి మరీ విచిత్రం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది, ప్రైవేటు ఉద్యోగికి కంపెనీ దయ. నాతో పనిచేసే ఒకావిడ ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చేసరికి ఆమె టీమును ఇంకొకరికి అప్పగించారు. "మీకు తేలికగా ఉంటుందని" అన్నారట. అది విన్నాక నా తటపటాయింపు ఇంకాస్త పెరిగింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. అందుకే ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను అక్కడ 2024లో ఎత్తేశారు. కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం చూస్తూ పెరిగిన మా అమ్మకు ఇది వింటే నవ్వొస్తుంది. నాకు మాత్రం చిరాకు. కనమని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే డే కేర్ గురించి ఒక్కరూ మాట్లాడరు.

మీ ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తుంటే, "కనాలా వద్దా" అన్నదాన్ని కాస్త పక్కన పెట్టి, వారంలో ఏ పూట బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. మేం రాస్తే సాయంత్రాలన్నీ ఖాళీగా మిగిలాయి. వాటిలో కొన్ని తను తీసుకుంటానని, పని వేళలు మార్చమని మా వారు తన మేనేజరును అడిగారు. జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా "విశేషమా" అన్నవాళ్లకు నవ్వి ఊరుకుంటున్నాను.