బిందెల వరసలో నేర్చుకున్న మేనేజ్‌మెంట్

ఎంబీఏ చదువుతున్నానని, లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్ నైపుణ్యాలు రావాలంటే ఏ ట్రైనింగ్‌లో చేరాలని అడిగారు. మీది విజయనగరం అన్నారు కాబట్టి మన పక్క సంగతే చెబుతాను. ట్రైనింగ్ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక పని నెత్తిన వేసుకోండి. అది చెడితే నలుగురూ వచ్చి మిమ్మల్నే నిలదీసేలాంటి పని అయ్యుండాలి.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, మందస దగ్గర పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, టీమ్ లీడర్‌ని చేసి రెండు నెలలైంది. మర్నాడు బండి మీద బయల్దేరి, రోడ్డుకి అడ్డంగా పడ్డ చెట్లు తప్పించుకుంటూ ఊరు చేరేసరికి చీకటి పడింది. మా పెరట్లో పదహారు కొబ్బరి చెట్లుండేవి. రెండే నిలబడ్డాయి. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. చెట్ల గురించి ఒక్క మాట అనలేదు. "నీళ్లు లేవురా" అన్నారు.

కరెంటు స్తంభాలు విరిగిపోయాయి. మోటారు ఆడదు, ట్యాంకు నిండదు. నేనూ నలుగురు కుర్రాళ్లూ కలిసి టెంట్ హౌస్ వాళ్ల జనరేటర్ అద్దెకి మాట్లాడి ట్రాక్టర్ మీద తెచ్చాం. ఇరవై లీటర్ల డీజిల్ దొరికింది. గంటకి మూడు లీటర్లు తాగుతుందన్నారు, అంటే ఆరేడు గంటలు వస్తుంది. నాకు ఆఫీసు పద్ధతి తెలుసు కదా, చీటీల మీద నంబర్లు రాశాను. ఒకటే లైను, ఇంటికి నాలుగు బిందెలు. అందరికీ సమానం, ఇంక గొడవేముంటుంది అనుకున్నాను.

మధ్యాహ్నానికే తగువులు మొదలయ్యాయి. ఇద్దరున్న ఇంటికీ నాలుగు బిందెలే, ఎనిమిది మందీ రెండు గేదెలూ ఉన్న ఇంటికీ నాలుగే. ఒంటరిగా ఉండే ముసలమ్మ ఎండలో నిలబడలేక ఖాళీ బిందెతో వెళ్లిపోయింది. సాయంత్రం ఐదున్నరకి జనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అప్పటికి ఊరి చివర కాలనీ వాళ్లకి ఒక్క బిందె కూడా అందలేదు. ఎందుకంటే చీటీలు నేను పెద్దవీధి నుంచి పంచుకుంటూ వచ్చాను. కాలనీ నుంచి వచ్చిన ఒకామె రెండు ఖాళీ బిందెలు నా కాళ్ల దగ్గర పెట్టి, "సదువుకున్నోడివి గదా బాబూ, మా ఈది ఆఖర్న ఉందని నీకు తెల్దా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ బిందెల చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఆ రాత్రి మా అమ్మ డ్వాక్రా సంఘం వాళ్లని ఇంటికి పిలిచింది. లాంతరు చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరికి పశువులున్నాయి, ఎవరు మంచం మీద ఉన్నారు, ఎవరింట్లో కిడ్నీ రోగి ఉన్నారు, ఏ కాగితం చూడకుండా గడగడా చెప్పారు. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి అరుదు, ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా చీటీలు రాసేటప్పుడు గుర్తుకే రాలేదు. రెండో రోజు కాలనీతో మొదలుపెట్టాం. వీధికో టైము, వీధికో సంఘం మనిషి. ఎవరికెన్ని బిందెలో ఆ సంఘం మనిషే చెబుతుంది. నేను డీజిల్ మాత్రం చూసుకున్నాను. నాలుగున్నరకల్లా ఊరంతా అయిపోయింది, డబ్బాలో డీజిల్ కూడా మిగిలింది.

మూడో రోజు పక్క ఊరివాళ్లు జనరేటర్ అడిగారు. ఈసారి సంఘం వాళ్లని అడిగే ఇచ్చాను. మధ్యాహ్నం తెస్తామన్నవాళ్లు రాత్రి ఎనిమిదింటికి తెచ్చారు, మా పశువులు దాహంతో అరిచాయి. ఇచ్చింది నేనే కాబట్టి రచ్చబండ దగ్గర నిలబడి మాట పడ్డాను. ఆ పడటం నాకు చాలా నేర్పింది. జీతం ఇచ్చే అధికారం గానీ, ఉద్యోగం తీసేసే అధికారం గానీ లేనిచోట మనిషి మన మాట ఎందుకు వినాలి? అది తేలేది అలాంటి చోటే.

అమెరికన్ విద్యావేత్త డేవిడ్ కోల్బ్ 1984లో అనుభవం ద్వారా నేర్చుకోవడాన్ని నాలుగు దశలుగా చెప్పాడు: పని చేయడం, దాన్ని వెనక్కి తిరిగి చూడటం, అందులోంచి ఒక సూత్రం పట్టుకోవడం, దాన్ని మళ్లీ పనిలో పెట్టి చూడటం. మా లాంతరు చుట్టూ జరిగింది రెండో దశ. చాలామంది దాన్నే వదిలేస్తారు. ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసి మొదటి ఏడాది తప్పే ఇరవైసార్లు చేసిన మేనేజర్లని నేను కళ్లారా చూశాను.

ట్రైనింగ్‌ల మీద నా కోపం అక్కడే. కంపెనీ మమ్మల్ని ఒక హోటల్‌కి తీసుకెళ్లి కాగితాలతో టవర్ కట్టమంది. టవర్ కూలితే నవ్వుకుని భోజనానికి వెళ్లాం. దాహంతో ఎవరూ ఇంటికి వెళ్లలేదు. కాలేజీలూ అంతే, ఫెస్ట్‌లో పిల్లల చొక్కాలకి కోఆర్డినేటర్ బ్యాడ్జీలు పెడతారు, డబ్బు లెక్కలు మాత్రం లెక్చరర్లే చూస్తారు. తల్లిదండ్రులకీ ఒక మాట చెప్పాలి, ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఇంట్లో పెళ్లి కూరగాయల బేరం కూడా అప్పజెప్పకపోతే వాడు రేపు పదిమందిని ఎలా నడుపుతాడు?

మీ ఊళ్లోనే చూడండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. అంత జనంలో ఆ మాను నడిపేవాళ్లు ఏ క్లాసులో నేర్చుకున్నారు? పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకున్నారు.

ఈసారి మీ వీధిలో అన్నదానం జరిగితే వడ్డన బాధ్యత అడిగి తీసుకోండి. డబ్బు లెక్క కూడా మీ చేతిలోనే ఉండాలని పట్టుబట్టండి. గిన్నెలు కడిగాక, ఆ రాత్రే ఒక పేజీ రాయండి: ఎక్కడ తేడా వచ్చింది, అది ఎవరికి ముందే తెలుసు, నేను వాళ్లని ఎందుకు అడగలేదు. నా పాత నోట్‌బుక్‌లో అక్టోబరు 13 పేజీలో ఒకే ముక్క ఉంది: "కాలనీ, 41 ఇళ్లు, ముందు".