సైకిల్ తొక్కే అల్లుడికి, పరుగు మొదలెట్టేముందు

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. సైకిల్ మీద వంద కిలోమీటర్లు అలవోకగా తొక్కేస్తున్నావు, ఇప్పుడు రన్నింగ్ కూడా మొదలెట్టావు, మొదటి వారంలోనే పది కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తేశా మామయ్యా, ఆయాసం కూడా రాలేదు అని రాశావు. చాలా సంతోషం రా. కానీ ఆ ఆయాసం రాలేదన్న మాట దగ్గరే నాకు భయం వేసింది, అందుకే తీరిగ్గా కూర్చుని ఇంత రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

సైకిల్ తొక్కి తొక్కి నీ గుండె, ఊపిరితిత్తులు బాగా తయారైపోయాయి. ఎముకలు, టెండన్లు (కండని ఎముకకి అతికించి ఉంచే పట్టీలు), పాదాలు మాత్రం తయారవ్వలేదు. సైకిల్ మీద నీ బరువు సాడిల్ మోస్తుంది, పెడల్ గుండ్రంగా తిరుగుతుంది, కాలికి దెబ్బ అనేదే ఉండదు. పరుగులో అడుగు పడిన ప్రతిసారీ నీ బరువుకి రెండు మూడు రెట్లు ఒక్క కాలి మీద పడుతుంది, కిలోమీటరుకి ఇంచుమించు వెయ్యి అడుగులు వేసుకో, పది కిలోమీటర్లంటే ఒక్కో కాలికి ఐదు వేల దెబ్బలు. ఆయాసం వచ్చి ఉంటే నీ అంతట నువ్వే ఆగేవాడివి, కొత్తగా పరిగెత్తేవాళ్లని కాపాడేది ఆ ఆయాసమే, నీకు ఆ కాపలా లేదు. రోడ్ సైక్లిస్టులకి చాలామందికి వెన్నెముక దగ్గర ఎముక గట్టిదనం తక్కువ ఉంటుందని కూడా పరిశోధనల్లో తేలింది, కాబట్టి నువ్వు పరుగు మొదలెట్టడం ఒంటికి మంచిదే, నేను వద్దనట్లేదు, మెల్లగా అంటున్నా.

ఇంకొకటి తెలుసుకో. ఎముక మీద కొత్త బరువు పడితే అది వెంటనే గట్టిపడదు. ముందు పాత భాగాన్ని కొంచెం కరిగించుకుంటుంది, ఆ తరవాత కొత్తది కట్టుకుంటుంది, ఈ రెండిటికీ మధ్య కొన్ని వారాలు ముందుకంటే బలహీనంగా ఉంటుంది. అందుకే మొదటి వారం ఏమీ కాలేదు కదా అన్నది లెక్కలోకి రాదు. కండ కొన్ని వారాల్లో పుంజుకుంటుంది, టెండన్‌కీ ఎముకకీ నెలలు పడతాయి, నువ్వు దేన్నిబట్టి నడవాలంటే నెమ్మదిగా తయారయ్యేదాన్నిబట్టి నడవాలి.

కాబట్టి మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులే పరుగు, రోజు మార్చి రోజు, ఒక్కోసారి 20 నుంచి 30 నిమిషాలు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. నీకిది చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది, అనిపించనీ. ఆ ఉబలాటం అంతా సైకిల్ మీద తీర్చుకో, దానికి నీ కాళ్లు అలవాటు పడ్డాయి. ఎక్కువసేపు చేసే వ్యాయామం సైకిల్ మీద, ఎముకకి అలవాటు చేసే వ్యాయామం పరుగులో, ఇలా పంచుకుంటే రెండూ కలిసి వస్తాయి. రెండు క్రీడలూ చేసేవాడికి ఉన్న పెద్ద సుఖం ఇదే, ఉత్త రన్నర్‌కి ఈ వెసులుబాటు ఉండదు.

పేస్ గురించి అడిగావు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత వేగం, అంతే, వారంలో ఎక్కువ భాగం అదే. వాచీలో సైకిల్‌కి పెట్టుకున్న హార్ట్ రేట్ జోన్లు (గుండె వేగాన్నిబట్టి కష్టాన్ని కొలిచే మెట్లు) పరుగుకి వాడకు, అదే కష్టానికి పరుగులో మామూలుగా ఐదు నుంచి పది బీట్లు ఎక్కువ కనపడుతుంది, పరుగులో ఒళ్లంతా పని చేస్తుంది కదా. గుండె గరిష్ఠ వేగానికి 220లోంచి వయసు తీసేసే లెక్క కూడా నమ్ముకోకు, మనిషి మనిషికీ పది పన్నెండు బీట్లు అటూ ఇటూ తేడా ఉంటుంది. వారంలో గట్టిగా చేసేవి రెండే రోజులు పెట్టుకో, ఒకటి సైకిల్ మీద ఎత్తు ఎక్కడమో ఇంటర్వల్సో (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి చెయ్యడం), రెండోది కొన్ని నెలల తరవాత పరుగులో, ఆ రెండూ పక్కపక్క రోజుల్లో రాకూడదు. తేలిక రోజుని కూడా కాస్త గట్టిగా చేసేసి, గట్టి రోజుకి ఒంట్లో ఓపిక లేకుండా చేసుకునేవాళ్లే ఎక్కువ కనపడతారు నాకు.

కేడెన్స్, అంటే నిమిషానికి కాళ్లు ఎన్నిసార్లు ఆడతాయన్న లెక్క, దాని విషయంలో నీకున్న సైకిల్ అలవాటు పనికొస్తుంది. పెద్ద గేరు వేసి మోకాళ్ల మీద భారం వెయ్యకుండా పెడల్ నిమిషానికి 85, 90 సార్లు తిప్పమని నీకు చెప్పాను కదా, పరుగులో కూడా అదే సూత్రం, చిన్న అడుగులు, తొందర తొందరగా. నిమిషానికి 180 అడుగులు వెయ్యాలని అందరూ చెప్తారు, అది కోచ్ జాక్ డేనియల్స్ 1984 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తినవాళ్ల అడుగులు లెక్కపెట్టి చెప్పిన మాట, వాళ్లు రేసులో ఉన్న మేటి రన్నర్లు. నీకు అది రూల్ కాదు. ఇప్పుడు ఎంత ఉందో లెక్కపెట్టుకుని దానికి ఐదు శాతం పెంచు చాలు, పాదం నీకు మరీ ముందు పడకుండా ఒంటి కిందకి వస్తుంది, మోకాలి మీద బరువు తగ్గుతుంది.

ఇప్పుడు నొప్పుల సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. కండ నొప్పి కండంతా పరుచుకుని ఉంటుంది, రెండు కాళ్లకీ ఉంటుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది, దాని గురించి దిగులు పడకు. వేలితో ఇక్కడే అని చూపించగలిగే నొప్పి వేరు. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో పైనుంచి కిందకి నొక్కుకుంటూ రా, ఒక్క చోట మాత్రం సూదిలా పొడిచిందా, ఆ ఒక్క కాలి మీద గెంతితే అక్కడే కలుక్కుమందా, ఇంక పరుగు బంద్ చేసి డాక్టర్ దగ్గరికి వెళ్లు. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే దెబ్బ పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు) కావచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు కూడా, ఎక్స్‌రే బాగుందన్నారు కదా అని మళ్లీ పరిగెత్తకు. పొద్దున మంచం దిగి మొదటి నాలుగు అడుగులు వేసేటప్పుడు మడమ కింద పొడిస్తే అది ప్లాంటార్ ఫేషియైటిస్, అరికాలి పట్టీ నొప్పి. కొంత దూరం పరిగెత్తాక మోకాలికి బయటి వైపు నొప్పి మొదలై, దిగుడులో ఎక్కువైతే ఐటీ బ్యాండ్ (తొడ బయటి వైపు తుంటి నుంచి మోకాలి దాకా ఉండే పట్టీ), దానికి సాడిల్ ఎత్తు కూడా ఒక కారణం అవుతుంది, సాడిల్ మరీ పైకి ఉంటే సైకిల్ మీద కూడా అక్కడే వస్తుంది.

మడమ వెనకాల ఉండే అకిలీస్ టెండన్ పొద్దున్నే బిగుసుకుపోయి, కాస్త నడిస్తే సర్దుకుంటోందంటే, తగ్గిపోయిందిలే అని వదిలెయ్యకు. మెట్టు అంచు మీద ముందు పాదాలతో నిలబడు, మడమలు గాల్లో ఉండాలి, గోడ పట్టుకో. రెండు కాళ్లతో మునివేళ్ల మీద పైకి లేచి, బరువంతా నొప్పి ఉన్న కాలి మీదకి మార్చి, ఆ ఒక్క కాలితో మెల్లగా మడమని మెట్టు కంటే కిందకి దించు. పైకి లేవడానికి మాత్రం మళ్లీ రెండో కాలి సాయం తీసుకో. 15 సార్లు చొప్పున మూడు సెట్లు మోకాలు నిటారుగా, మూడు సెట్లు మోకాలు కొంచెం వంచి, రోజుకి రెండు పూటలా, 12 వారాలు. స్వీడన్ డాక్టర్ అల్ఫ్రెడ్‌సన్ 1998లో ఈ పద్ధతి ప్రచురించాడు, ఇప్పటికీ చాలామంది ఫిజియోలు ఇది చేయిస్తారు. నొప్పి టెండన్ మధ్యలో ఉంటేనే ఇలా, ఎముకకి అతుక్కునే చోట ఉంటే మడమని మెట్టు కిందకి దించకుండా నేల మీదే చెయ్యి. వారం చేసి తగ్గలేదని మానేసేవాళ్లే ఎక్కువ, 12 వారాలంటే 12 వారాలే.

షూస్ గురించి రెండు ముక్కలు. సాయంత్రం పూట కొను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, బొటనవేలికీ షూ కొసకీ మధ్య ఒక వేలు పట్టేంత సందు ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చేసెయ్. కార్బన్ ప్లేట్ షూస్ (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేసు షూస్) జోలికి ఇప్పుడే వెళ్లకు.

సైకిల్‌ని మాత్రం పరుగులో పడి నిర్లక్ష్యం చెయ్యకు. చైన్ తుడిచి ఆయిల్ వెయ్యడం నీకు తెలుసు, కొలవడం కూడా నేర్చుకో. పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం, అంటే 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు. స్కేలు పెట్టి చూసినప్పుడు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే చైన్ మార్చు, లేకపోతే అది క్యాసెట్‌ని (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తిని) కూడా తినేస్తుంది, క్యాసెట్ ఖరీదు చైన్ కంటే చాలా ఎక్కువ. టైర్ ఎక్కించేటప్పుడు టైర్ మీదున్న పేరు సరిగ్గా వాల్వ్ దగ్గరికి వచ్చేలా పెట్టుకో. పంక్చర్ పడ్డప్పుడు ట్యూబ్‌కి గాలి కొట్టి చిల్లు వాల్వ్‌కి ఎంత దూరంలో ఉందో చూసుకుంటే, టైర్‌లో ముల్లో గాజుముక్కో ఎక్కడుందో వెంటనే దొరుకుతుంది, దాన్ని తియ్యకుండా కొత్త ట్యూబ్ వేస్తే అదీ పోతుంది. చిల్లులు రెండు పక్కపక్కన ఉంటే గాలి తక్కువై రిమ్‌కీ రాయికీ మధ్య నలిగిందని అర్థం, చిల్లు లోపలి వైపు ఉంటే రిమ్ టేప్ (ట్యూబ్‌కి ఊచల చివరలు గుచ్చుకోకుండా రిమ్ లోపల వేసే పట్టీ) జరిగిందేమో చూడు. హెల్మెట్ ఒకసారి గట్టిగా దెబ్బ తిందంటే బయటికి బాగానే కనపడినా పారెయ్యాల్సిందే.

రోడ్డు మీద సైకిల్ వాహనాలతో పాటు వెళ్లాలి, పరుగు వాహనాలకి ఎదురుగా, వచ్చే బండి నీకు కనపడాలి. చెవుల్లో పాటలు పెట్టుకుని రోడ్డు మీద పరిగెత్తకు, నా మాట విను.

తిండి, నీళ్లు. ఒంట్లో కార్బ్స్ (పిండి పదార్థాల) నిల్వ ఇంచుమించు 400, 500 గ్రాములు, అంటే రెండు వేల కేలరీల దాకా. పరుగులో కిలో బరువుకి కిలోమీటరుకి ఒక కేలరీ చొప్పున ఖర్చు, 65 కిలోల మనిషికి 30 కిలోమీటర్లకి 1950 అవుతుంది. కొంత కొవ్వు నుంచి వస్తుంది కానీ, మారథాన్‌లో 30 దాటాక జనం కుప్పకూలేది ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది కదా. గంటన్నర దాటే దేనికైనా గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ తీసుకో. సైకిల్ మీద కూర్చుని తినడం తేలిక, పరుగులో కడుపు కుదుపుకి అదే తిండి తిప్పుతుంది, అందుకని రేసులో తినబోయేదాన్ని ముందు లాంగ్ రన్‌లలో తిని అలవాటు చేసుకో. నీళ్లు దాహాన్నిబట్టి తాగు, భయంతో తాగకు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పడిపోయి ఉంది, దానికి ముఖ్య కారణం పరిగెత్తుతూ బరువు పెరిగేంత తాగడం. పరుగుకి ముందూ వెనకా బరువు చూసుకుంటే నీ చెమట లెక్క నీకే తెలుస్తుంది.

బరువు తగ్గితే ఎత్తులు బాగా ఎక్కుతావని ఎవరో చెప్పారని తిండి తగ్గించావట, అమ్మ చెప్పింది. అది మానెయ్ రా. రెండు క్రీడలు చేస్తూ తిండి తగ్గిస్తే హార్మోన్లు దెబ్బతింటాయి, ఎముక బలహీనపడుతుంది, నిద్ర చెడుతుంది, 2014లో ఒలింపిక్ కమిటీ డాక్టర్లు దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి మగవాళ్లకి కూడా వస్తుందని చెప్పారు. నువ్వేమో కొత్త ఎముక కట్టుకోవాల్సిన టైమ్‌లో ఉన్నావు, తిండి లేకుండా దేంతో కట్టుకుంటావు?

రోజువారీ జీవితంలో ఇవన్నీ ఎలా ఇరికించాలన్నది అసలు కష్టం. పొద్దున్నే లేవాలంటే రాత్రి పెందలాడే పడుకోవాలి, నాలుగున్నరకి లేచి పదకొండున్నరకి పడుకుంటూ ట్రైనింగ్ చేస్తున్నా అంటే అది ట్రైనింగ్ కాదు, ఒంటిని అరగదియ్యడం. బట్టలు, బాటిల్, లైట్ చార్జింగ్ రాత్రే సిద్ధం చేసుకో. ఆదివారం లాంగ్ రైడ్ చేసొచ్చి మిగతా రోజంతా మంచం దిగలేనంత తొక్కావంటే ఇంట్లోవాళ్ల ఆదివారం కూడా తీసుకున్నట్టే, అది ఎప్పుడో ఒకసారైతే పర్లేదు, ప్రతి వారం అయితే వాళ్లకి నీ సైకిల్ మీద కోపం వస్తుంది, న్యాయంగానే వస్తుంది. వారం మొదట్లోనే ఏ రోజు ఎప్పుడు వెళ్తావో, ఎన్నింటికి వస్తావో ఇంట్లో చెప్పు, చెప్పిన టైమ్‌కి రా. అత్తయ్య నాతో ఇన్నేళ్లుగా ఒక్క మాట అనకుండా ఉందంటే అదొక్కటే కారణం. ఆఫీసులో బాగా నలిగిన రోజు సాయంత్రం ఇంటర్వల్స్ పెట్టుకోకు, ఒంటికి ఆఫీసు అలుపు వేరు, రోడ్డు అలుపు వేరు అని తెలీదు.

జలుబు ముక్కు వరకే ఉంటే మెల్లగా కదులు. జ్వరం ఉందా, ఒళ్లు నొప్పులున్నాయా, ఛాతీలో దగ్గుందా, పూర్తిగా ఆగిపో, గుండె కండకి వాపు వచ్చే ప్రమాదం ఉంది, ఇందులో బేరాల్లేవు.

ఇక నాలుగు నెలల్లో ఉన్న మారథాన్‌కి పేరు ఇవ్వనా అని అడిగావు. వద్దు. గుండె చూస్తే నువ్వు 42.195 పూర్తి చేసేస్తావు, కాళ్లే ఒప్పుకోవు. అదే రోజు హాఫ్ మారథాన్ ఉంటే దానికి ఇవ్వు, అది కూడా అప్పటికి 16 కిలోమీటర్ల లాంగ్ రన్ ఏ నొప్పీ లేకుండా రెండు మూడు సార్లు అయ్యుంటేనే. ఈ ఏడాది పెద్ద దూరం కావాలనిపిస్తే సైకిల్ మీద తొక్కు, 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన టైమ్‌లోపు పూర్తి చెయ్యాల్సిన లాంగ్ రైడ్) ఉంది, పదమూడున్నర గంటల టైమ్, నీకు సరిగ్గా సరిపోతుంది. ఫుల్ మారథాన్ వచ్చే ఏడాది చూద్దాం. హాఫ్ ఫీజు కట్టేముందు ఆ నెల ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తావో, ఎక్కడెక్కడ నొప్పి వచ్చిందో రాసి పంపు, దాచకుండా పంపు, చూసి చెప్తాను.

మామయ్య