స్నేహితుల గ్రూపులో బేరాలు, కొలువులు, రాజకీయాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువభాగం స్నేహితుల వాట్సాప్ గ్రూపుల గురించే. కొనుగోళ్లు, ఆఫీసు గోల, రాజకీయాలు అన్నీ ఒకేచోట కలగాపులగమైతే వచ్చే చిక్కులివి. జవాబులు కూడా వాట్సాప్‌ను దృష్టిలో పెట్టుకునే ఇస్తున్నాం.

ప్రశ్న: మా గ్రూపులో 14 మందిమి. పగలంతా సరదాగానే సాగుతుంది. రాజకీయం మొదలైందంటే రాత్రికి ఇద్దరైనా అలుగుతారు. ఆ విషయాలు ఎత్తొద్దని రూలు పెడితే సరిపోతుందా? నేనే అడ్మిన్‌ని.

జవాబు: సరిపోదు. వద్దన్న విషయం రెండు రోజుల్లో కార్టూన్ రూపంలో తిరిగొస్తుంది. ఇది రాజకీయమా, ఉత్త జోకా అని కొత్త తగువు మొదలవుతుంది. దానికో వేరే గ్రూపు పెట్టడమే నయం. అయితే అందులోకి అందరినీ మీరే చేర్చెయ్యకండి. ఇష్టం లేనివాళ్లు మొహమాటానికి ఉండిపోయి లోపల్లోపల విసుక్కుంటారు. ఇన్వైట్ లింకు తీసి పాత గ్రూపు డిస్క్రిప్షన్‌లో పెట్టండి. కావలసినవాళ్లే వస్తారు. ఆ లింకు ఎటుపడితే అటు పాకకుండా గ్రూప్ పర్మిషన్స్‌లో ‘అప్రూవ్ న్యూ మెంబర్స్’ ఆన్ చేసి ఉంచండి. కమ్యూనిటీ (కొన్ని గ్రూపులను ఒకే గొడుగు కిందికి తెచ్చే ఏర్పాటు) పెట్టమని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. 14 మందికి అంత హంగామా అనవసరం.

కొత్త గ్రూపుకు రెండే నియమాలు చాలు. ఫార్వర్డ్ పెట్టేవాళ్లు అది ఎక్కడిదో, ఎప్పటిదో సొంతంగా ఒక లైను రాయాలి. ‘నువ్వూ నీ పార్టీ’ అని మొదలయ్యే మెసేజిని అడ్మిన్ తీసేస్తారు. అంతకు మించి రాస్తే ఎవరూ చదవరు. అడ్మిన్ తీసేసిన మెసేజి చోట ఎవరు తీసేశారో పేరుతో సహా కనిపిస్తుంది కాబట్టి, ఒక పక్షంవాళ్లవే తీస్తున్నారన్న అనుమానం వచ్చిందంటే గొడవ మీ మీదికి మళ్లుతుంది. మీ వైపువాళ్ల మెసేజిని తీసే ధైర్యం మీకు లేకపోతే, మీతో సరిపడని ఒకరిని రెండో అడ్మిన్‌గా పెట్టుకోండి. మాట మరీ ముదిరినప్పుడు ‘సెండ్ మెసేజెస్’ను రెండు మూడు గంటలు అడ్మిన్లకే పరిమితం చెయ్యొచ్చు. ఎందుకు ఆపారో, మళ్లీ ఎన్నింటికి తెరుస్తారో రాసి మరీ ఆపండి. చెప్పకుండా ఆపితే నోరు నొక్కారంటారు.

పోల్ పెట్టి తేల్చుకుందామనుకుంటారేమో, ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. ఎప్పుడు కలుద్దాం అన్నదానికి పోల్ బాగుంటుంది. ఎవరిది ఏ పార్టీ అన్నదానికి వద్దు.

ప్రశ్న: ఫార్వర్డ్ మెసేజి మీద రెండు బాణాలుంటే అది అబద్ధమనేనా?

జవాబు: కాదు. అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని మాత్రమే అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలరు. 2020లో తెచ్చిన పరిమితి ఇది. నిజమైన సమాచారం మీదా ఆ గుర్తు పడుతుంది. పైగా టెక్స్ట్‌ను కాపీ చేసి అతికించినా, స్క్రీన్‌షాట్ తీసి పంపినా బాణాలు మాయమవుతాయి. కాబట్టి బాణాల్లేవని నమ్మెయ్యడం అంతకన్నా ప్రమాదం.

వీడియో అయితే ఒక పని చెయ్యండి. బోర్డో, బండి నంబరో, వేదిక వెనక రాతో కనిపించే చోట ఆపి స్క్రీన్‌షాట్ తియ్యండి. దాన్ని బొమ్మను బట్టి వెతికే గూగుల్ లెన్స్‌లో వేసి, వచ్చిన ఫలితాల్లో అన్నిటికన్నా పాత తేదీ ఏదో వెతకండి. ఈవారం గొడవ అని తిరుగుతున్నది ఏళ్ల కిందటి వీడియో అని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. ఏమీ దొరక్కపోతే బోర్డు మీది అక్షరాలు తిరగబడి ఉన్నాయేమో చూడండి. వెతుకులాటకు దొరక్కుండా వీడియోను అద్దంలో బొమ్మలా తిప్పేయడం పాత ఎత్తే. స్క్రీన్‌షాట్‌ను మళ్లీ తిప్పి వెతికితే దొరకొచ్చు. దృశ్యం నిజమే అయి, మాటలు వేరేచోటినుంచి తెచ్చి అతికించినవీ ఉంటాయి. పెదాల కదలికకూ మాటకూ పొంతన ఉందో లేదో నెమ్మదిగా నడిపి చూస్తే సగం అనుమానాలు తీరతాయి.

ప్రశ్న: గ్రూపులో ఒకావిడ తరచూ షాపింగ్ లింకులు పెడుతుంటారు. స్నేహితురాలే కదా, నొక్కవచ్చా?

జవాబు: ఆవిడ మంచిదే కావచ్చు, లింకు ఆవిడకు ఎక్కడిదన్నది ప్రశ్న. అడ్రసులో రెండు గీతల (//) తర్వాత మొదలుపెట్టి, మొదటి ఒంటి గీత (/) వరకు చూడండి. ఆ గీత నుంచి వెనక్కి చదవండి. చుక్కతో విడదీసిన చివరి రెండు ముక్కలే అసలు సైటు. కొన్ని దేశాల అడ్రసుల్లో మూడు ముక్కలుంటాయి. దానికి ముందు ఎంత పేరున్న కంపెనీ పేరు రాసినా అది అలంకారమే. ఇంగ్లిషులో ఆర్, ఎన్ అక్షరాలను పక్కపక్కన పెట్టి ఎమ్‌లా భ్రమింపజేసే పేర్లూ ఉంటాయి. అడ్రసు పక్కన తాళం గుర్తు చూసి మోసపోకండి. మీకూ ఆ సైటుకూ మధ్య దారి భద్రమని తప్ప, ఆ సైటువాళ్లు నిజాయితీపరులని అది చెప్పదు. చాట్‌లో కనిపించే బొమ్మ, శీర్షిక కూడా ఆ పేజీ తన గురించి తాను చెప్పుకునేవే. ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. కుదించిన పొట్టి లింకుల్లో ఇవేవీ కనిపించవు కాబట్టి వాటిని వదిలేసి, వస్తువు పేరుతో మీ యాప్‌లోనే వెతుక్కోండి.

అడ్రసు చివర ప్రశ్నార్థకం తర్వాత ఉండే పొడుగాటి తోకలో, ఎవరి ద్వారా వచ్చారో చెప్పే గుర్తు ఉండొచ్చు. మీరు కొంటే ఆవిడకు కమిషన్ రావచ్చు. ముందే చెబితే అందులో తప్పులేదు. తోక తీసేసి తెరవొచ్చు, కాకపోతే కొన్ని సైట్లలో వస్తువు నంబరే అక్కడుంటుంది. తీశాక సరైన పేజీయే వచ్చిందో లేదో చూసుకోండి.

ఆవిడకు కనిపించిన ధర మీకు కనిపించలేదని అపార్థం చేసుకోకండి. కార్డు ఆఫర్లు, మొదటి ఆర్డరు కూపన్లు, చిరునామాను బట్టి మారే డెలివరీ ఖర్చు, అమ్మేవాళ్లు మారడం వల్ల ఒకే వస్తువుకు రెండు ఫోన్లలో రెండు ధరలుంటాయి. లింకుతోపాటు అమ్మేవాళ్ల పేరు, రంగు, సైజు కూడా రాయమనండి.

ప్రశ్న: ముగ్గురం కలిసి ఒకే ఆర్డరు పెట్టాం. ఒకరు తమ వస్తువు వెనక్కి ఇచ్చారు. వచ్చిన డబ్బు తక్కువైంది. ఆ నష్టం ఎవరిది?

జవాబు: లెక్క వేసి చూద్దాం. వస్తువులు 500, 300, 200. మొత్తం 1000. కనీసం 900కు కొంటే 150 తగ్గింపు అన్నది కూపన్. దాన్ని ధరల నిష్పత్తిలో పంచితే 75, 45, 30. అంటే ముగ్గురూ ఇవ్వాల్సింది 425, 255, 170. డెలివరీ 60 ఉందనుకుంటే తలా 20. డెలివరీని మాత్రం సమానంగానే పంచుకోండి. పెట్టె ఒకటే, దారి ఒకటే.

ఇప్పుడు 200 వస్తువు వెనక్కి వెళ్లింది. కొన్ని సైట్లు నిష్పత్తి ప్రకారం 170 ఇస్తాయి. కొన్ని, మిగిలినది 800 కాబట్టి 900 షరతు పోయిందని కూపన్‌నే రద్దు చేస్తాయి. అప్పుడు వచ్చేది 50. ఈ 120 తేడా దగ్గరే స్నేహాలు చెడేది. మా అభిప్రాయం, సైజు కుదరలేదనో మనసు మారిందనో తిప్పి పంపితే ఆ నష్టం పంపినవారిదే. పగిలినదో, వేరే రంగుదో వచ్చి తిప్పి పంపితే ముందు అమ్మినవాళ్లను నిలదీయండి. వాళ్లు కూపన్ మొత్తం కలిపి ఇవ్వకపోతే ముగ్గురూ పంచుకోండి, ఎందుకంటే ఆ కూపన్ వల్ల ముగ్గురూ లాభపడ్డారు.

రీఫండ్ మామూలుగా డబ్బు కట్టినవారి కార్డుకో ఖాతాకో వెళ్తుంది, వస్తువు ఎవరిదైనా సరే. అందుకని కట్టే మనిషి ఆర్డరు పెట్టేముందే మూడు సంగతులు గ్రూపులో రాసి పిన్ చెయ్యాలి. ఎవరి వాటా ఎంత, వస్తువు వెనక్కి ఇచ్చే గడువు ఏ తేదీ, ఇస్తే తేడా ఎవరు భరిస్తారు. గడువును ఆర్డరు పెట్టిన రోజునుంచి లెక్కేస్తారో, అందిన రోజునుంచో షరతుల్లో చూసి రాయండి. పొరపాటు ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

ప్రశ్న: మా మేనేజర్ మెయిల్‌ను స్క్రీన్‌షాట్ తీసి, పేరును మార్కర్‌తో చెరిపి గ్రూపులో పెట్టాను. ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఏ మార్కరు? ఫోన్లోని హైలైటర్ రకం గీత పూర్తిగా నల్లగా కనిపించినా, బొమ్మలో వెలుతురు పెంచితే కింది అక్షరాలు బయటపడొచ్చు. నిండు రంగు పెట్టె వేసి కప్పాలి. కత్తిరించిన బొమ్మనూ గుడ్డిగా నమ్మకండి. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో బొమ్మలు దిద్దే ‘మార్కప్’తో కత్తిరించిన స్క్రీన్‌షాట్ల నుంచి తీసేసిన భాగాన్ని కొంతవరకు తిరిగి రాబట్టవచ్చని 2023లో బయటపడింది. తర్వాత సరిచేశారు గానీ, అంతకుముందు పంపినవి పంపినట్టే ఉన్నాయి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది, కెమెరా ఫొటో అయితే తీసిన చోటు వివరాలతో సహా.

పేరు చెరిపినంత మాత్రాన ఆచూకీ పోదు. మెయిల్ వచ్చిన సమయం, పైన తెరిచి ఉన్న ట్యాబులు, అడుగున సంతకం, ఇవన్నీ చెబుతాయి. ఒకే మెయిల్‌ను ఒక్కొక్కరికి ఒక్కో మాట మార్చి పంపి, ఎవరిది బయటికొచ్చిందో పట్టుకునే పద్ధతీ ఉంది. మీకు కావలసింది స్నేహితుల సలహానే అయితే విషయాన్ని మీ మాటల్లో రాస్తే చాలు. ఆఫీసు కంప్యూటర్లో వాట్సాప్ తెరిచి ఉంటే ‘లింక్డ్ డివైసెస్’లోకి వెళ్లి లాగౌట్ చెయ్యండి. మెసేజిని మధ్యలో ఎవరూ చదవకుండా చేసే ఎన్‌క్రిప్షన్ దారిలో కాపాడుతుందే గానీ, ఆఫీసువాళ్ల తెర మీద కనిపించేదాన్ని కాపాడదు.

ప్రశ్న: ఆవేశంలో ఒకటి రాసి, మూడు నిమిషాల్లో డిలీట్ చేశాను. ఎవరైనా చూసి ఉంటారా?

జవాబు: ఉండొచ్చు. నోటిఫికేషన్‌లో చదివినవాళ్లు చదివినట్టే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటిఫికేషన్ హిస్టరీ ఆన్‌లో ఉంటే 24 గంటలపాటు అక్కడ మిగులుతుంది. అందరికీ డిలీట్ చెయ్యడానికి రెండు రోజులకు పైనే గడువుంది, ఎడిట్‌కు మాత్రం 15 నిమిషాలే. గడువు తీరగానే మెసేజిలు వాటంతటవే పోయే ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ పెట్టుకున్నా, అది ఆన్ చేశాక పంపినవాటికే వర్తిస్తుంది.

ప్రశ్న: గ్రూపులోని ఒక స్నేహితుడు, ‘పొరపాటున నా కోడ్ నీకు వచ్చింది, పంపు’ అని మెసేజి పెట్టాడు. నిజమేనా?

జవాబు: మీ ఫోనుకు వచ్చిన కోడ్ మీ నంబరుదే, ఇంకొకరిది కాదు. వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోసం వచ్చే ఆ ఆరంకెల కోడ్ మీ ఖాతాకు తాళంచెవి, అడుగుతున్నది మీ స్నేహితుడి ఖాతాను కొట్టేసినవాడు కావచ్చు. మామూలు ఫోన్ కాల్ చేసి అడగండి, ఆ చాట్‌లో కాదు. ఇచ్చేసి ఉంటే వెంటనే మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ అవ్వండి. కొత్త కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు పిన్ పెట్టి ఉంటే మీకు లోపలికి రావడానికి 7 రోజులు పడుతుంది. అందుకే ఇప్పుడే ‘టూ స్టెప్ వెరిఫికేషన్’లో పిన్ పెట్టుకోండి. ఇంకో రకం ఉంది. ఎనిమిది అక్షరాల కోడ్ ఇచ్చి మీ ఫోన్లో కొట్టమంటారు. కొడితే వాడి కంప్యూటరు మీ ఖాతాకు జతవుతుంది, మీరు లాగౌట్ అవ్వరు కాబట్టి తెలియనే తెలియదు. ‘లింక్డ్ డివైసెస్’ జాబితా అప్పుడప్పుడూ చూస్తుండండి.

ప్రశ్న: చప్పుడు చెయ్యకుండా గ్రూపులోంచి తప్పుకోవచ్చా?

జవాబు: మీరు వెళ్లినట్టు కబురు అడ్మిన్లకే అందుతుంది. అయితే గత 60 రోజుల్లో వెళ్లిపోయినవాళ్ల పేర్లు గ్రూప్ ఇన్ఫోలో సభ్యులు చూడొచ్చు. అంత రభస వద్దనుకుంటే గ్రూపును ఆర్కైవ్ చేసి, అంటే చాట్ల జాబితాలోంచి పక్కకు దాచి ఉంచండి. ‘కీప్ చాట్స్ ఆర్కైవ్డ్’ ఆన్‌లో ఉంటే కొత్త మెసేజిలు వచ్చినా అది పైకి రాదు. మిమ్మల్ని పేరుతో పిలిచినప్పుడో, మీ మెసేజికి జవాబిచ్చినప్పుడో మాత్రం మోగుతుంది.