ముందు బురద సంగతి చూడమ్మా

చి. స్రవంతికి,

మావయ్య ఆశీస్సులు. మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు అమెరికా వెళ్లి ఆల్చిప్పల మీద పీహెచ్‌డీ చేస్తుందట, సివిల్ చదివింది ఇందుకేనా, నువ్వయినా చెప్పు" అంది. సరే, ముందు ఆ ప్రపోజల్ చూడనీ అని నీ దగ్గర తెప్పించుకున్నాను. అమెరికాలో చెసాపీక్ అఖాతం అడుగున కాంక్రీటు బ్లాకులు దింపి, వాటి మీద ఆల్చిప్పలు పట్టేలా చేసి, అల తాకిడి తగ్గించడం నీ పని అని తెలిసింది. చదివాక మీ అమ్మకి చెప్పాల్సింది చెప్పేశాను: ఇది సివిల్ ఇంజనీరింగే, అందులోనూ కష్టమైన రకం అని. గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ రెండు రాత్రులు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

చలికోటు అక్కడే కొనుక్కో. పడవలో ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ తీయకు. నీకు ఈత రాదన్న సంగతి నీ పీహెచ్‌డీ గైడ్‌కి మొదటి రోజే చెప్పు, నామోషీ పడకు. ఇంకా నాలుగు నెలలుంది కదా, నేర్చుకుని వెళితే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండో సగం నీ చేతుల గురించి. ఆల్చిప్ప అంచు ఎంత పదునంటే తెగినట్టు కూడా తెలీదు. ఎండాకాలం వెచ్చబడ్డ ఆ ఉప్పునీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. చిన్న గాటులోంచి లోపలికి పోతే ఒక్క రోజులోనే ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఉంది. అరుదేలే. అరుదైనవే నాకు రాత్రుళ్లు గుర్తొస్తాయి. మందం గ్లోవ్స్ లేకుండా చిప్ప ముట్టుకోకు. గీరుకుంటే వెంటనే సబ్బుతో, మంచినీళ్లతో కడుక్కో. ఎర్రబడి వాచినా, ఒళ్లు వెచ్చబడినా రేపటిదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లి "ఆల్చిప్ప కోసుకుంది, ఉప్పునీళ్లలో" అని స్పష్టంగా చెప్పు. డాక్టర్ మందు ఎంచుకునేది ఆ మాటని బట్టే. ఇంకోటి, అక్కడ వాటిని పచ్చిగా నిమ్మకాయ పిండుకుని తింటారు. తింటావో మానతావో నీ ఇష్టం, పచ్చివి మాత్రం వద్దు. ఇది సలహా కాదు, ఆర్డరు.

ఇక నీ ప్రపోజల్. బ్లాకు ఆకారం మీద పేజీలకి పేజీలు రాశావు. కన్నాలు ఎన్ని, గరుకు ఎంత, అల తాకిడి ఎంత తగ్గుతుంది, అన్నీ బాగున్నాయి. అడుగున ఉన్న నేల గురించి అర పేజీ! అదీ పాత రిపోర్టు నుంచి తెచ్చిన టేబుల్. ఆ టేబుల్ చూడగానే నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మన కోస్తాలోనే ఒక చిన్న రేవు దగ్గర ఒడ్డు కోతకి గ్రాయిన్లు, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి రాతి కట్టలు, వేస్తున్నారు. మా పై ఇంజనీరు లెక్కల్లో దిట్ట. అల ఎత్తు, రాయి బరువు, వాలు ఎంతుండాలి, అన్నీ చేత్తోనే కట్టేసేవారు. నేల వివరాలకి మాత్రం, పక్కన జెట్టీ కోసం నేల తవ్వి మట్టి పొరలు చూసి ఎప్పుడో రాసిన బోర్‌హోల్ కాగితాలు తెచ్చి ఫైల్లో పెట్టారు. "అదే సముద్రం, అదే మట్టి, మళ్లీ డబ్బు దండగ" అన్నారు. సర్వే రోజున పడవ సరంగు గెడ అడుగుకి ఆనించి చెయ్యి వదిలేశాడు. ఆ గెడ ఎవరూ నొక్కకుండా తన బరువుకే ఇంకో మూరెడు దిగింది. "ఇక్కడ లంగరే పట్టదు బాబూ" అన్నాడు. మాతో వచ్చిన గుమస్తా నవ్వాడు. ఆ మాట ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కలేదు.

రాయి పోయడం మొదలైంది. సాయంత్రం లెవెల్ తీస్తే డ్రాయింగ్‌లో ఉన్నట్టే ఉండేది, తెల్లారి చూస్తే తక్కువ. మళ్లీ పోయించారు, మళ్లీ తగ్గింది. లారీల లెక్క పెరుగుతోంది గానీ గ్రాయిన్ ఎత్తు పెరగట్లేదు. రాత్రిపూట రాయి దొంగతనంగా తోలేస్తున్నారని అనుమానం వచ్చి వాచ్‌మన్‌ని సస్పెండ్ చేశారు! ఆ రాయి ఎవడికి కావాలి, ఎలా ఎత్తుకెళతాడు అని ఎవరూ అడగలేదు. చివరికి ఒక అమావాస్య ఆటుకి నీళ్లు బాగా వెనక్కి తీశాయి. గ్రాయిన్‌కి అటూ ఇటూ నల్లటి బురద గట్టులా ఉబ్బి పైకి లేచి కనపడింది. రాళ్లు అడుక్కి దిగుతూ బురదని పక్కలకి తోసేశాయన్నమాట. అప్పుడు బోర్లు వేయిస్తే జావలాంటి మెత్తటి బంకమన్ను, జెట్టీ దగ్గరున్న ఇసుక పొర ఇక్కడ లేనే లేదు. వాచ్‌మన్‌ని మళ్లీ తీసుకున్నారు. ఊళ్లో దొంగ అనిపించుకున్నది మాత్రం ఏ ఆర్డరూ రద్దు చేయలేకపోయింది. మా సారు ఆ తర్వాత ఆ పని ఊసే ఎత్తేవారు కాదు.

నీ బ్లాకులు మా రాళ్లంత బరువు కావు కదా అంటావు. కానీ బ్లాకు కిందికి దిగితే ఓర్చుకునే జాగా కూడా నీకు అంత లేదు మరి. చెసాపీక్‌లోనే గ్రేట్ వికోమికో నదిలో 2004లో కట్టిన ఆల్చిప్పల దిబ్బల సంగతి నీకు తెలిసే ఉంటుంది. అడుగు నుంచి 25-45 సెంటీమీటర్లు ఎత్తుగా కట్టినవాటి మీద, 8-12 సెంటీమీటర్లు కట్టినవాటికంటే నాలుగింతల ఆల్చిప్పలు పట్టాయి. పైన ప్రవాహం ఉంటుంది, ఒండ్రు నిలవదు. అంటే నీ బ్లాకు ఒక్క జానెడు దిగిందనుకో, ఎత్తుది కాస్తా పొట్టిదైపోయింది. పైన ఎన్ని కన్నాలు చేసి ఏం లాభం? అందుకని బ్లాకు పెట్టే ప్రతి చోటా నేల బలం నువ్వే కొలువు. చుట్టూ స్కవర్, అంటే ప్రవాహం మట్టిని కోసి చేసే గుంట, ఎంత పడుతుందో, ఆ గుంటలోకి బ్లాకు ఎటు ఒరుగుతుందో చూడు.

ఇంకా చిన్నవి కొన్ని. ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీళ్లలో తిరిగి, తర్వాత శుభ్రమైన గట్టి చోటు దొరికితేనే అతుక్కుంటుంది. బ్లాకులు చలికాలంలో దింపేసి చేతులు దులుపుకుంటే, పిల్లలొచ్చే వేళకి పాచీ ఒండ్రూ పట్టి ఉంటాయి. వేసవి మొదట్లో, అవి గుడ్లు పెట్టే ముందు దింపించు. అక్కడ దిబ్బ నిలబడిందో లేదో వేసిన మూడేళ్లకి ఒకసారి, ఆరేళ్లకి మళ్లీ చూసి చదరపు మీటరుకి కనీసం 15, కుదిరితే 50 ఆల్చిప్పలు ఉండాలంటారు. నీ డిగ్రీ ఆరేళ్లు ఆగదు కాబట్టి, నీ తర్వాత వచ్చేవాళ్లకి పనికొచ్చేలా మొదటి రోజు లెవెల్స్ రాసిపెట్టు.

పీతలు పట్టేవాళ్లతో మాట్లాడు. అదే అఖాతంలో మేరీలాండ్ వైపు హారిస్ క్రీక్‌లో 2015 నాటికి దాదాపు 350 ఎకరాల్లో దిబ్బలు వేసి, 200 కోట్లకు పైగా పిల్లల్ని వదిలారు. బ్రహ్మాండమైన పని. కానీ పీతల కోసం వేసే పొడుగు తాళ్లు దిబ్బల రాళ్లకి చిక్కుకుంటున్నాయని, పడవల అడుగులు తగులుతున్నాయని వాళ్లు గొడవ చేశారు. వాళ్ల దగ్గరా గెడలుంటాయి.

నువ్వు కాంక్రీటుతో తంటాలు పడాల్సి రావడమే చిత్రం. 1880ల్లో మేరీలాండ్‌లో ఒక్క సీజన్లో కోటిన్నర బుషెళ్ల (బుషెల్ అంటే అక్కడి గంప కొలత) ఆల్చిప్పలు తీసినప్పుడు ఆ చిప్పలన్నీ రోడ్లకి, సున్నానికి, కోళ్ల మేతకి పోయాయి. ఎప్పటికప్పుడు తిరిగి నీళ్లలో వేసి ఉంటే పిల్లలకి చోటుండేది. మనం మాత్రం తక్కువ తిన్నామా? కాకినాడ అఖాతంలో గుల్లలు బస్తాలకెత్తి బట్టీలకి పంపేవారు. తాతయ్యగారి పెరటి గోడ గుల్లసున్నమే. నువ్వు దాన్ని గోటితో గీకి తింటుంటే, మీ అమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది, నువ్వేమో నా వెనక దాక్కునేదానివి. కాల్షియం తక్కువేమో, డాక్టర్‌కి చూపించండి అన్నది నేనే. ఇప్పుడు పాలు తాగుతున్నావా?

ఒక్కటి మర్చిపోయాను. ఏడో పేజీలో బ్లాకు బరువు గాల్లో లెక్కే వేశావు. ఘనమీటరు కాంక్రీటు బయట 2,400 కిలోలైతే, నీళ్లలో దాదాపు 1,400. దానికి పైన పెరిగే ఆల్చిప్పల బరువు కూడా కలపాలి, అది నీ టేబుల్లో లేదు. సరిచేసి ఈ ఆదివారంలోగా పంపు. ఫోన్లో నాకు అక్షరాలు కనపడవు, ప్రింటు తీయించుకుంటాను.

మావయ్య
కాకినాడ