పంటు ఎక్కిన మందు

అమలాపురం,
ఆదివారం

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. క్యాన్సర్ మందు మోసుకెళ్లే మైసెల్‌ని, అంటే కంటికి కనిపించనంత చిన్న ఉండని, సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటుతో పోల్చావు. బావుంది, మనవాళ్లకి వెంటనే కళ్లకి కడుతుంది. కాకపోతే పంటుని ఎవరో ఒకరు కట్టాలి. మైసెల్‌ని ఎవరూ కట్టరు. పాలిమర్ అంటే చిన్న అణువులు వరసగా అతుక్కున్న పొడుగాటి గొలుసు. ఆ గొలుసులో ఒక కొసకి నీళ్లంటే ఇష్టం, రెండో కొసకి పడదు. అలాంటి గొలుసులు నీళ్లలో చాలినన్ని ఉంటే పడని కొసలన్నీ లోపలికి ముడుచుకుని వాటంతట అవే ఉండ కడతాయి. పాక్లిటాక్సెల్‌ అనే క్యాన్సర్ మందు కూడా నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ఆ లోపలే చోటు చూసుకుంటుంది. ఇది చెప్పడానికి భోగినాటి తలంటు చాలు. కుంకుడు రసం తలమీది నూనెని పట్టుకుపోయేది ఈ పద్ధతిలోనే.

ఇంకో తేడా. గోదావరి ఎంత వెడల్పయినా పంటు విడిపోదు. మైసెల్ రక్తంలో బాగా పలచబడితే గొలుసులు దేనికది ఊడి, మందు దారిలోనే దిగిపోవచ్చు. శాస్త్రవేత్తలకి ఉన్న టెన్షన్ అంతా ఇదే, నువ్వేమో రాయనేలేదు! పంటుని అక్కడిదాకా వాడి వదిలెయ్.

మందు క్యాన్సర్ గడ్డలోకి చేరడాన్ని 'అద్భుతం' అని సరిపెట్టావు. 1986లో జపాన్‌లో మత్సుమురా, మయెదా చెప్పింది మీ చేలోనే కనిపిస్తుంది. ఎండ్రకాయలు బొక్కలు పెట్టిన గట్టు కారుతుంది, మురుగు కాలువ పూడితే వచ్చిన నీరు పోదు. గడ్డలో రక్తనాళాలు ఆ గట్టులా కారతాయి, మిగులు ద్రవాన్ని తీసుకుపోవాల్సిన లింఫు నాళాలు ఆ కాలువలా సరిగా పనిచేయవు, దాంతో మందు లోపలికి చేరి అక్కడే నిలుస్తుంది. వాళ్లు చూసింది ఎలుకల్లో. మనుషుల్లో ఒక్కో గడ్డది ఒక్కో తీరు.

పాత పాక్లిటాక్సెల్‌ ఇంజెక్షన్‌లో ఆముదం నుంచి చేసిన క్రెమోఫోర్ ఉంటుంది, కొందరికి తీవ్రమైన అలర్జీ వస్తుంది. అది లేకుండా పాక్లిటాక్సెల్‌ని మైసెల్‌లో పెట్టిన జెనెక్సాల్-పీఎంకి 2007లో దక్షిణ కొరియా అనుమతిచ్చిందని రాశావు, సరే. అలాంటిదే జపాన్ వాళ్ల మైసెల్ మందు ఎన్‌కే105 సంగతి ఏది? రొమ్ము క్యాన్సర్ మీద మూడో దశ పరీక్షలో పాతదానికి తీసిపోనని నిరూపించుకోలేకపోయింది. పాక్లిటాక్సెల్‌తో వచ్చే తిమ్మిర్లు మాత్రం దీంతో తక్కువ. రెండూ రాయి.

నా మొదటి వ్యాసానికి 'క్యాన్సర్‌కి ఇక చెల్లు' అని హెడ్డింగ్ పెట్టాను. వారం తిరక్కుండా పక్కవీధి ఆవిడ ఆ కటింగ్ పట్టుకొచ్చి, "ఇది ఏ షాపులో దొరుకుద్ది మాస్టారూ?" అంది. ఇంకా ఎలుకల మీదే చూస్తున్నారమ్మా అన్నాను. ఆవిడ కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది.

తిరగరాసి పంపు.

మాస్టారు