ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌లో టకటక: దించేముందు ఇవి చూడండి

బ్రదర్, మెకానిక్ బేరింగ్ పోయిందంటున్నా ఇంజన్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. బెంగళూరు హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు థర్డ్ గేర్‌లో టకటకా కొడుతోంది, యాక్సిలరేటర్ వదలగానే శబ్దం ఆగిపోతోంది, ఐడిల్‌లో అసలు లేదు అన్నారు కదా, ఇది బేరింగ్ కంటే పింగింగ్‌లాగే ఉంది, అంటే సిలిండర్లో పెట్రోల్ మిశ్రమం ప్లగ్ మంటతో వరసగా కాలకుండా వేడికీ ఒత్తిడికీ ఓ మూల తనంతట తానే పేలడం.

ముందు డిప్‌స్టిక్ (ఇంజన్‌లో ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి ఆయిల్ చూడండి, ఇది ఈరోజే. ఆయిల్ కనీస గీత కంటే తగ్గినా, ఎర్ర ఆయిల్ లైట్ వెలిగినా బండి తీయొద్దు. బాగుంటే అదే ఫ్లైఓవర్ సెకండ్ గేర్‌లో ఎక్కండి. శబ్దం పోతే తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) పెద్ద గేర్‌లో ఇంజన్‌ను ఈడ్పించడమే కారణం, ఇక్కడి ట్రాఫిక్‌లో చాలామందికి ఉన్న అలవాటే. పోకపోతే ఈసారి వేరే బంకులో ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ (ఇలా తనంతట తానే పేలకుండా ఎక్కువ తట్టుకునేది) పోయించండి, ప్లగ్‌లు, కూలెంట్, నాక్ సెన్సర్ (ఈ పింగింగ్‌ను పసిగట్టేది) చూపించండి.

కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కడ్డీ) బేరింగ్ పోతే శబ్దం లోతుగా ధన్‌ధన్‌మని వస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఇంజెక్టర్ (సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మేది) కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి చూడమనండి, ఏ సిలిండర్ ఆపితే శబ్దం బాగా తగ్గుతుందో అనుమానం దానిమీదే. ఈ పరీక్ష చేయకుండానే ఇంజన్ దించాలనే మెకానిక్‌కు దయచేసి తాళాలు ఇవ్వకండి.