తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఎంఏ ఇంగ్లీష్ లిటరేచర్ చేయగలరా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బడి నుంచి డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీష్ పేపరు చదివితే అర్థమవుతుంది, నోరు తెరవాలంటే టెన్షన్. ఎంఏ ఇంగ్లీష్ చేయాలని ఉంది. షేక్స్‌పియర్, మిల్టన్ నా వల్ల అవుతుందా? ఇంగ్లీష్ మీడియం వాళ్ళ ముందు నవ్వులపాలవుతానా?

అవుతుంది. నేనూ ఆ దారిలో వచ్చినవాణ్ణే, ఇప్పుడు ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీష్ పాఠాలు చెప్పుకుంటున్నాను. అయితే ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీకు కావాల్సింది గలగలా మాట్లాడటమే అయితే ఎంఏ దానికి మందు కాదు. రెండేళ్ళు నాటకాలు, నవలలు చదివి కూడా బ్యాంకు మేనేజరుతో నాలుగు ముక్కలు మాట్లాడటానికి తడబడేవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. మాట్లాడటం మాట్లాడితేనే వస్తుంది, దానికి సిలబస్‌లో చోటు లేదు. రూమ్మేటుతో ఒప్పందం చేసుకుని రాత్రి భోజనాల దగ్గర ఇంగ్లీషే మాట్లాడుకోండి, ఏడాదిలో దారిన పడతారు. కథలన్నా కవిత్వమన్నా ఇష్టముండి, ఒక వాక్యం అలాగే ఎందుకుందని దాని ముందు కూర్చోవడంలో మీకు మజా ఉంటేనే ఎంఏలో చేరండి.

ఇక మీడియం భయం. నేను చూసినంతలో క్లాసును రెండుగా చీల్చేది మీడియం కాదు, గైడు. డిగ్రీలో ఇంగ్లీష్ పేపరు ఎలా గట్టెక్కుతుందో మీకు తెలియంది కాదు. పరీక్షల ముందు బజార్లో కొన్న గైడు, అందులో సమ్మరీ, క్యారెక్టర్ స్కెచ్, స్టార్ గుర్తు పెట్టిన ఎస్సే ప్రశ్నలు. అసలు పద్యం ముఖం చూడకుండానే పాసైపోతాం. ఇంగ్లీష్ మీడియం వాళ్ళూ అదే గైడు చదువుకుని వస్తారు, కాకపోతే దాన్ని వేగంగా అప్పజెబుతారు.

మొదటి సెమిస్టర్‌లో ఒక మేడమ్ అందరికీ తలా ఒక జిరాక్స్ కాగితం పంచారు. పద్నాలుగు లైన్ల పద్యం. పైన శీర్షిక లేదు, కింద కవి పేరు లేదు. "ఎవరు రాశారో నాకు అక్కర్లేదు, ఇందులో ఏం జరుగుతోందో రాయండి" అన్నారు. ఐ.ఎ. రిచర్డ్స్ అనే ప్రొఫెసర్ 1920ల్లో కేంబ్రిడ్జ్ విద్యార్థులకు పెట్టిన పరీక్ష ఇదే. కవుల పేర్లు తీసేసి పద్యాలు ఇచ్చి, వాళ్ళు రాసుకొచ్చిన జవాబుల్లోని తికమకలన్నీ విడమరిచి 1929లో పుస్తకం వేశాడు. ఇంగ్లీష్ మాతృభాషగా పెరిగిన పిల్లల పరిస్థితే అది. మా క్లాసులో కాన్వెంట్ చదువుల వాళ్ళు పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒకడు ఉండబట్టలేక "రొమాంటిక్ పీరియడా మేడమ్, విక్టోరియనా?" అని అడిగాడు. పీరియడ్, అంటే పద్యం ఏ సాహిత్య యుగానిదో తెలిస్తే గైడులోని వాక్యాలు వాటంతటవే గుర్తొస్తాయి కదా. నా పక్క బెంచీలో నల్గొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది, క్లాసులో నోరు విప్పి ఎరగదు. ఎనిమిదో లైను దాకా అన్నీ ప్రశ్నలేననీ, తొమ్మిదో లైను 'కానీ' అని మొదలవగానే గొంతు మారిపోయిందనీ, చివరి రెండు లైన్లలో ఎవరినో బతిమాలుతున్నట్టుందనీ మూడు చిన్న వాక్యాలు రాసింది. గ్రామర్ తప్పులున్నాయి. మేడమ్ క్లాసుకు చదివి వినిపించింది ఆ కాగితమే.

ఆ అమ్మాయి చేసింది కొత్త విద్యేమీ కాదు. బడిలో పోతన పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించారే, అదే పని. క్రియ ఎక్కడుందో పట్టుకోవడం, కర్త ఎవరో చూసుకోవడం, మిగతా మాటల్ని వాటికి తగిలించడం. మిల్టన్ కావ్యం 'పారడైజ్ లాస్ట్' మొదటి వాక్యాన్నే తీసుకోండి. మనిషి తొలి ధిక్కారం, తినకూడని పండు, దానితో వచ్చిన చావు అంటూ ఐదు లైన్లు సాగదీసి, ఆరో లైన్లో గానీ 'పాడు' అనే అసలు క్రియను బయటపెట్టడు. ఇంగ్లీష్ పిల్లలు అక్కడ ఊపిరాడక గింజుకుంటారు. క్రియ చివర్లో రావడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కాగితం మీద అన్వయం రాసుకుంటే ఆ వాక్యం ఒక్క పూటలో విడిపోతుంది.

షేక్స్‌పియర్ దగ్గర ఇంకో లాభం. ఆయన కాలపు ఇంగ్లీష్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి 'దౌ', 'యూ' రెండూ ఉండేవి, ఇంచుమించు మన నువ్వు, మీరు లాగా. 'హామ్లెట్' మూడో అంకం నాలుగో రంగంలో తల్లి కొడుకును 'దౌ' అని పిలిచి, నీ తండ్రిని చాలా నొప్పించావంటుంది. ఆమె ఉద్దేశంలో తండ్రి అంటే తాను మళ్ళీ పెళ్ళాడిన మరిది. కొడుకు 'యూ' అంటూ, మా నాన్నను నొప్పించింది మీరేనంటాడు. అతని లెక్కలో నాన్న అంటే చనిపోయినాయన. మరుక్షణం తల్లి కూడా 'యూ'లోకి మారిపోతుంది. ఇవాళ్టి ఇంగ్లీష్ పాఠకుడికి పేజీ అడుగున నోట్ ఉంటే తప్ప ఈ మార్పు తగలదు. మనకెందుకు తగలదూ? అర్ధరాత్రి ఇల్లు చేరిన కొడుకును "ఏం దొరగారూ, తమరికి ఇప్పటికి తీరిందా?" అని అడిగే అమ్మ మన ఇళ్ళలో ఉండనే ఉంది. నాకు షేక్స్‌పియర్ అంటే బెరుకు పోయింది ఆ రంగం చదివాకే.

మరి కష్టం లేదా అంటే, ఉంది. మీరు అనుకుంటున్న చోట లేదు. రాసినవాళ్ళు అందరికీ తెలిసిందే కదా అని చెప్పకుండా వదిలేసిన చోట ఉంది. 1922లో అచ్చయిన 'ద వేస్ట్ ల్యాండ్' అనే దీర్ఘ కవితను టి.ఎస్. ఎలియట్, ఏప్రిల్ అన్నిటికంటే క్రూరమైన నెల అంటూ మొదలుపెడతాడు. మా క్లాసులో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఖమ్మంలోనో కర్నూలులోనో ఏప్రిల్ ఎండ తిన్నవాళ్ళకు అందులో వింతేముంది? పైగా పరీక్షల రోజులు. అందరం బుద్ధిగా తలూపాం. ఆ లైనుకు ఉలిక్కిపడాలంటే, ఇంగ్లండ్‌లో ఏప్రిల్ అంటే చలి విరిగి, జల్లులు పడి, చెట్లు చిగురించే నెల అని తెలియాలి. పద్నాలుగో శతాబ్దం చివర్లో చాసర్ 'కాంటర్‌బరీ టేల్స్'ను ఆ ఏప్రిల్ తీపి జల్లులతోనే మొదలుపెట్టాడని కూడా తెలియాలి. ఎలియట్ ఆ సంబరాన్ని తిరగేస్తున్నాడు. అర్థం కాని మాట ఎదురైతే డిక్షనరీ తీస్తాం. అర్థమైందనుకున్న చోట ఎవరు తీస్తారు? పరాయి భాషలో సాహిత్యం చదివేవాళ్ళకు అసలు గండం ఇక్కడే. అందుకే నోట్స్ బాగా ఉన్న ఎడిషన్ కొనండి, మీకు తేలికనిపించిన లైన్లకు కూడా నోట్ ఉందేమో చూడండి. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అలాంటివి పాతవి దొరుకుతాయి. బేరం ఆడాలి.

బైబిల్ సంగతీ అంతే. మీది ఏ మతమైనా సరే, ఆదికాండం, యోబు గ్రంథం, నాలుగు సువార్తలు ముందు తెలుగులోనే చదివేయండి. తర్వాత 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో అవే భాగాలు చూస్తే ఆ కాలపు ఇంగ్లీష్ వాక్యాల నడక కూడా పట్టుబడుతుంది. గ్రీకు పురాణాలకు పిల్లల కోసం రాసిన పుస్తకం చాలు. భారతం తెలిసినవాళ్ళకు ఆ దేవతల తగవులు ఇట్టే ఎక్కుతాయి.

చెవి దగ్గర మాత్రం మనకు లాభం లేదు సరికదా, నష్టమే. మన ఛందస్సు గురువు, లఘువుల లెక్క, అంటే అక్షరం పలకడానికి పట్టే కాలం లెక్క. ఇంగ్లీష్ పద్యం ఊనిక మీద నడుస్తుంది. కొన్ని అక్షరాలు నొక్కి, మిగతావి మింగేస్తారు. మనం ప్రతి అక్షరాన్నీ ఒకే ఊనికతో, స్పష్టంగా పలుకుతాం. దాంతో ఐదు దెబ్బలు పడాల్సిన లైనులో పదీ పడి, పద్యం కాస్తా హాజరు పట్టీ అయిపోతుంది. లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో పాత పుస్తకాల ఆడియోలు ఉచితంగా ఉన్నాయి. పుస్తకం చేతిలో పెట్టుకుని వింటూ, నొక్కి పలికిన చోటల్లా వేలితో బల్ల మీద కొట్టండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనీయండి. పరీక్షలో వచ్చే స్కాన్షన్ (పద్యం లయను గుర్తించే) ప్రశ్నకే కాదు, మీ మాట తీరుకు కూడా ఇది పనికొస్తుంది.

రాత విషయంలో అందరికీ ఎదురయ్యేది ఆర్టికల్స్ తలనొప్పి. తెలుగులో అవి లేవు కాబట్టి మనకు చెవితో తెలియదు. వర్డ్స్‌వర్త్ మీద జవాబు రాసేటప్పుడు మనవాళ్ళు 'ద నేచర్' అని పేజీకి పదిసార్లు రాస్తారు. ప్రకృతి అని మొత్తంగా చెప్పేటప్పుడు ఆ 'ద' ఉండకూడదు. ఇలాంటివి ఇంగ్లీష్-తెలుగు యాప్‌లో దొరకవు, లెర్నర్స్ డిక్షనరీలో దొరుకుతాయి. ఆ రకం డిక్షనరీ పుట్టిందే మనలాంటివాళ్ళ కోసం. ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో ఇంగ్లీష్ చెబుతూ, అక్కడి విద్యార్థులు పడే ఇబ్బందులు చూసి తోటివాళ్ళతో కలిసి తయారుచేశాడు. 1942లో టోక్యోలో వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. నామవాచకం పక్కన లెక్కపెట్టదగినదా కాదా అని గుర్తు ఉంటుంది, క్రియ పక్కన దాని తర్వాత ఏం రావాలో ఉంటుంది. అర్థం చూసి మూసేయకుండా ఆ గుర్తులూ, ఉదాహరణ వాక్యాలూ చదవండి. జవాబు రాసేటప్పుడు పొట్టి వాక్యాలే రాయండి. గైడు నుంచి తెచ్చిన బరువైన విశేషణాల కంటే 'తొమ్మిదో లైన్లో గొంతు మారింది' అన్న మాటకు మార్కులు వేసే లెక్చరర్లు ఉన్నారు. వేయనివాళ్ళూ ఉన్నారు, పేజీలు కొలిచేవాళ్ళు. ఆ పేపర్లకు పేజీలు నింపక తప్పదు, ఏం చేస్తాం.

ఇది మనది కాని చదువు అని కూడా జంకొద్దు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్‌కు విడిగా డిగ్రీ చదువు వచ్చింది 1894లో, కేంబ్రిడ్జ్‌లో 1917లో. వాళ్ళకంటే ముందే కలకత్తా, మద్రాసు కాలేజీ కుర్రాళ్ళు షేక్స్‌పియర్‌ను పరీక్షలకు చదివారు. వాళ్ళ మీద ప్రేమతో పెట్టింది కాదులెండి, తెల్లదొరల పాలనకు కావాల్సి పెట్టింది. ఏదైతేనేం, పరాయివాళ్ళు చదవడమన్నది ఈ సబ్జెక్టుకు కొత్త కాదు.

ఉద్యోగాల మాట అడగలేదు గానీ చెబుతాను. డిగ్రీ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే ఎంఏలో 55 శాతం, దాంతోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర స్థాయిది) గానీ, లేదా పీహెచ్‌డీ కావాలి. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో సడలింపు ఉంది. నెట్ రెండో పేపర్లో సబ్జెక్టు మీద 100 ప్రశ్నలు, 200 మార్కులు, అన్నీ ఆబ్జెక్టివ్. దాని కోసం మొదటి సెమిస్టర్ నుంచే తేదీలు బట్టీ పట్టేవాళ్ళను చూసి కంగారు పడకండి. పుస్తకం చదివినవాళ్ళకు తేదీలు చివర్లో ఎక్కించుకోవడం పెద్ద పని కాదు. అడ్మిషన్‌కు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్ రాయాలి. మీ డిగ్రీ సబ్జెక్టులతో అర్హత ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఈలోపు చాసర్ జోలికి వెళ్ళకండి. చినువా అచెబె రాసిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' తెచ్చుకోండి. 1958 నాటి నవల, చిన్నది, వాక్యాలు సూటిగా ఉంటాయి. కుస్తీలో మేటి మొనగాణ్ణి పద్దెనిమిదేళ్ళ కుర్రాడు వెల్లకిలా పడేసిన కథతో మొదటి పేజీయే లాక్కెళ్ళిపోతుంది. నైజీరియా పల్లె, పెద్దమనుషులు, సామెతలు, ఇంటికొచ్చిన అతిథికి మనం తాంబూలం ఇచ్చినట్టు వాళ్ళు పెట్టే కోలా కాయ, ఇవేవీ మీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మొదటిసారి డిక్షనరీ తీయకుండా చివరిదాకా చదివేయండి, రెండోసారి పెన్సిల్‌తో. ఎక్కడైనా ఆగిపోతే అధ్యాయం, పేరా చెప్పి ఇక్కడే అడగండి, నాకు తెలిసింది చెబుతాను.